రజియా ఆపా, మా నడుములు

మొన్న కంటి పరీక్ష కోసం జహీరాబాద్‌లో ఒక దవాఖానకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చోగానే నొప్పుల తైలం వాసన గుప్పుమంది. కర్పూరం, నీలగిరి నూనె కలిసిన ఘాటు వాసన. ఆ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. నీలం రంగు కోటు వేసుకుంది, భుజానికి సంచి ఉంది. ఇళ్లకు వెళ్లి మంచంలో ఉన్నవాళ్లను చూసుకునే కంపెనీలో పనిచేస్తున్నానని చెప్పింది. కూర్చునేటప్పుడు ఒక చెయ్యి బెంచీకి ఆనించి, ఇంకో చెయ్యి నడుము వెనక పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా కూర్చుంది. అది చూడగానే ఆగలేకపోయాను. ఎవరిని లేపావు, ఒక్కదానివే లేపావా, మంచం ఎంత ఎత్తులో ఉంది అని ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడిగాను. ఈ ముసలామెకు ఎందుకింత ఆరాటం అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. నిజానికి ఆ ప్రశ్నలూ ఆ ఆరాటమూ రెండూ రజియా ఆపావి. నాకు అంటించి వెళ్లిపోయింది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఊళ్లో సగంమంది ఆమెను అలాగే పిలిచేవాళ్లు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో చాలా ఏళ్లు నర్సుగా చేసింది. అక్కడ వార్డులో ఒక బరువైన మనిషిని ఒంటిచేత్తో మంచం మీదికి లాగబోయి నడుము పాడుచేసుకుని, ఉద్యోగం వదులుకుని సొంత ఊరు వచ్చేసింది. భర్త పోయాడు, కూతురు బీదర్‌లో కాపురం. బస్టాండు వెనక గల్లీలో రెండు గదులు, ఒక వాకిలి ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. అక్కడినుంచే మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపడం మొదలుపెట్టింది. డెబ్బైల చివర్లో మా వైపు అలాంటి పని ఒకటి ఉంటుందని కూడా ఎవరికీ తెలియదు. మంచాన పడ్డవాళ్లను కోడళ్లు చూసుకోవాలి, అంతే. కోడళ్లు లేనివాళ్లు, ఉన్నా కుదరనివాళ్లు నలుగురి కంట పడకుండా వచ్చి ఆపాను అడిగేవాళ్లు.

నేను పని కోసం వెళ్లాను. నా భర్త బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఒక వానాకాలం ఆ రోడ్డు మీదే పోయాడు. ఏడాది నిండని కూతుర్ని చంకన వేసుకుని అమ్మ దగ్గరికి చేరాను. అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది గానీ మనవరాల్ని మాత్రం ఎత్తుకోలేకపోయింది. అప్పటికే ఆమె నడుము వంగిపోయింది. నా చిన్నప్పుడు మా నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడితే, అమ్మ ఒక్కతే ఆమెను లేపేది, దించేది, స్నానానికి చేతుల మీద మోసుకుపోయేది. అత్తను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుందని మా వాడకట్టంతా చెప్పుకునేది. ఆ మాట వింటే అమ్మకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. నాయనమ్మ పోయాక అమ్మ నిటారుగా నిలబడడం నేను చూడలేదు. పిల్ల పాకుతూ వచ్చి చేతులు చాపితే, గోడ పట్టుకుని నిలబడి దాన్ని మాటలతోనే ఆడించేది. ఇక ఆ పిల్లకు ఉన్న దిక్కల్లా నా రెక్కలే. నా నడుము కూడా అమ్మ నడుములాగే అయితే మా ముగ్గురి గతేమిటన్న భయం అప్పుడే నన్ను పట్టుకుంది. అసలే నేను పుట్టు పిరికిదాన్ని.

మొదటి రోజు ఆపా నా పేరైనా అడగలేదు. వాకిట్లో నీళ్లు నిండిన బిందె చూపించి లోపల పెట్టమంది. నా సత్తా చూపించాలని గబుక్కున వంగి, ఒక్క ఊపుతో బిందెను చంకకు ఎక్కించాను. మెచ్చుకుంటుందని చూస్తే ఆమె ముఖం పాలిపోయి ఉంది. దించమంది. దించాక దగ్గరికి పిలిచి, నా నడుము మీద అరచెయ్యి వేసి, నొప్పి లేస్తోందా, కాలులోకి లాగుతోందా అని అడిగింది. లేదంటే నమ్మలేదు. వాకిట్లో అటూ ఇటూ నడిపించి చూసింది. ఆ తర్వాతే పేరు అడిగింది. సత్తెమ్మ అని చెప్పాను. మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం మా అమ్మ దగ్గరే నేర్చుకున్నానని, నాయనమ్మను అమ్మ కాలు కింద పెట్టనివ్వలేదని గొప్పగా చెప్పుకున్నాను.

"పుణ్యం చేసింది మీ అమ్మ," అంది ఆపా. "ఇప్పుడెట్లున్నది?"

చిన్నప్పటినుంచి ఎంతమందో అమ్మను మెచ్చుకోవడం విన్నాను. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అమ్మను అడగలేదు. వంగిపోయిందని మెల్లగా చెప్పాను. ఆపా మర్నాటి నుంచి రమ్మంది.

నేర్చుకోవడమంతా ఆమె ఇంట్లో, ఆమె మంచం మీదే. నాతోపాటు అనసూయ అని ఇంకో ఆమె ఉండేది, నాకంటే పెద్దది, నోరున్న మనిషి. రోగి వేషం ఎప్పుడూ ఆపాదే. తనకు సోయి లేదనుకొమ్మని చెప్పి కళ్లు మూసుకుని పడుకునేది. సన్నటి మనిషి కాబట్టి మాకు అసలు బరువు తెలియదని, ఇసుక సంచులు తన పక్కనే దుప్పటిలో పెట్టించుకునేది. ముందు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచేది. మంచం మా నడుముల దాకా రావాలి గానీ మేము మంచం దాకా వంగకూడదు. ఎత్తడం అన్న మాటే ఆమెకు గిట్టేది కాదు. రోగి కింద మడత దుప్పటి పరిచి, ఇద్దరం చెరో వైపు దాని అంచులు చుట్టి పట్టుకుని, ఒక్కసారే పైకి జరపాలి. పక్కకు తిప్పాలంటే ముందు మోకాలు వంచి, భుజమూ తుంటీ పట్టి దొర్లించాలి. నిలబెట్టాలంటే మనం కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, మనిషికి ఆనుకుని ఉండాలి. చేతులు చాచి దూరం నుంచి లాగకూడదు. ఏం చేయబోతున్నామో రోగికి ముందే చెప్పాలి. బాగున్న కాలితో తన్నమనాలి, బాగున్న చేత్తో మంచంపట్టె పట్టుకొమ్మనాలి. తనకు చేతనైనంత తనే చేసుకోవాలి.

ఇవన్నీ వింటే ఇప్పుడు ఏముందిలే అనిపిస్తుంది. అప్పుడు మాకు మింగుడుపడలేదు. రోగి చేత పని చేయిస్తే ఇక మనమెందుకని అనసూయ అడిగేసింది. దానికి ఆపా కోప్పడలేదు. వార్డులో తనతో పనిచేసిన నర్సుల పేర్లు చెప్పి, ఎవరికి ఎక్కడ నొప్పో, ఎవరు ఉద్యోగం మానేశారో, ఎవరు నేల మీద కూర్చుని లేవలేరో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. వాళ్లంతా మంచివాళ్లేనంది. చెబుతుంటే ఆమె చేతివేళ్లు చీర కొంగును నలుపుతూనే ఉన్నాయి.

సాయంత్రం పని నుంచి తిరిగివచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉండేది. మా ముఖాలకేసి కాదు, నడుములకేసే చూసేది. ఒకరోజు చెప్పు కింద పడేసి తీయమనేది, ఒకరోజు పీట మీద కూర్చుని లేవమనేది. కాస్త ఆగి లేచామా, ఇక ప్రశ్నలు. మా ఆయన కూడా నా నడుమును ఇంత ఇదిగా చూడలేదని అనసూయ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆమె అలా చూస్తున్నంతసేపూ నా ఒంట్లో ఎక్కడో ఏదో విరగడానికి సిద్ధంగా ఉందేమోనని భయం వేసేది. ఆ భయం ఆమె కావాలనే మాలో పెంచిందని చాలా కాలానికి అర్థమైంది.

కోహీర్ ఊరి పటేల్ ఇంటికి ఆపా నన్ను తీసుకువెళ్లింది ఎనభైల మొదట్లో. అల్లం, చెరుకు పండించే పెద్ద కుటుంబం. పటేల్ భారీ మనిషి, ఎడ్లబండి కాడిని ఒంటిచేత్తో పైకెత్తేవాడని చెప్పుకునేవాళ్లు. పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. లోపలి గదిలో కుంగిపోయిన నవారు మంచం మీద పడుకోబెట్టారు. భార్య శాంతమ్మ మాకు ఎదురొచ్చింది. చక్కటి మనిషి, గట్టి మనిషి. మూడు నెలలుగా ఆయనను తనే చంకల కింద చేతులు వేసి లేపుతున్నానని, పరాయివాళ్లను తాకనివ్వలేదని, కాలు కింద పెట్టనివ్వలేదని చెప్పింది. అదే మాట. నేను ఆపా వైపు చూశాను. ఆమె అప్పటికే శాంతమ్మ నిలబడిన తీరు చూస్తోంది.

ఆ ఇంట్లో ప్రతిదానికీ పేచీయే. మంచం కింద ఇటుకలు పెడతామంటే కొడుకు ముఖం చిట్లించాడు. నవారు బిగించడానికి వారం పట్టింది. అన్నిటికంటే పెద్ద చిక్కు రెండో మనిషి. అంతటి మనిషిని నిలబెట్టడానికి నేనొక్కదాన్ని చాలను, ఇంకొకరు ఉండాలని ఆపా పట్టుపట్టింది. కొడుకు తండ్రి ఒంటి పని తన వల్ల కాదన్నాడు. పశువుల కొట్టంలో జీతగాళ్లు ఉన్నారు. వాళ్లలో సాయిలు అనే అతను పటేల్ వెంట చిన్నప్పటినుంచి ఉన్నవాడు, ఇనుములాంటి మనిషి. కానీ ఏ జీతగాడూ ఆ ఇంటి కడప దాటి లోపలికి రాకూడదు. బయట అంతమంది బలమైన మగవాళ్లు ఖాళీగా బీడీలు కాలుస్తుంటే, లోపల నేనూ శాంతమ్మా పటేల్‌ను చెరో పక్కా పట్టుకునేవాళ్లం. రోజూ ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు నా అరచేతులు చెమట పట్టేవి. ఇంటికి వెళ్లాక కూతురు చేతులు చాపితే, ముందు నడుము ఒకసారి తడుముకుని అప్పుడు ఎత్తుకునేదాన్ని.

ఆపా వారానికొకసారి వచ్చి చూసిపోయేది. అలా వచ్చిన ఒకరోజు పటేల్ చెల్లెలు కూడా అన్నను పలకరించడానికి రాయికోడ్ నుంచి వచ్చి గదిలో కూర్చుంది. కాలితో తన్నమని, పట్టె పట్టుకొమ్మని నేను పటేల్‌తో చెబుతుంటే ఆమె మూతి ముడుచుకుంది. ఊళ్లో నలుగురికి పని చెప్పిన మనిషి చేత పని చేయిస్తున్నారని వదినను దెప్పింది. శాంతమ్మకు అవమానమైంది. ఆ కంగారులో నేను ఇంకా సరిగ్గా నిలబడకముందే ఆయనను లేపేసింది. పటేల్ పడిపోయిన మోకాలు మడుచుకుపోయింది. శాంతమ్మ చెయ్యి జారింది. ఆ కొండంత మనిషి నా మీదికి ఒరిగాడు. ఆయన కళ్లు నా కళ్లలోకే చూస్తున్నాయి. పట్టుకొమ్మని అడుగుతున్నాయి. నా చేతులు వాటంతటవే ఆయన నడుము చుట్టూ వెళ్లాయి.

"పట్టుకోకు సత్తెమ్మా," అంది గుమ్మంలోంచి ఆపా. అరవలేదు. "దించు. మెల్లగ కిందికి దించు."

ఏం చేశానో నాకే తెలియదు. ఒక కాలు వెనక్కి వేశాను, మోకాలు వంచాను, ఆయన ఒళ్లు నా తొడ మీదుగా జారుతూ నేల మీదికి వచ్చింది. తల నా మోకాలి మీద ఆగింది. ఆయనకు గీత కూడా పడలేదు. కానీ ఆడబిడ్డ గుండెలు బాదుకుంది. చేతిలో ఉన్న మనిషిని కావాలని పడేశారని, కళ్లారా చూశానని కొడుకును పిలిచింది. కొడుకు వచ్చి తండ్రి నేల మీద ఉండడం చూశాడు. మేమేం చెప్పినా వినలేదు. ఆపా ఒక పీట తెప్పించి, ఆయనను ముందు పక్కకు తిప్పి, పీట ఆసరాతో మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి మంచం మీదికి నా చేత, శాంతమ్మ చేత, కొడుకు చేత పట్టించి చేర్పించింది. ఆ తర్వాత ఇద్దరం చెప్పులు వేసుకుని బయటపడ్డాం. మళ్లీ రావద్దన్నారు.

బస్సులో నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ ఇల్లు పోయింది. కబురు పాకితే ఇంకో ఇల్లు దొరకదు. పిల్లకు పాలెలా అన్న బెంగ ఒకవైపు. పడుతున్న మనిషిని పట్టుకోకుండా దించేసిన పాపం ఇంకోవైపు. ఆయన నన్నే చూస్తున్నాడు, పట్టుకొమ్మని చూస్తున్నాడు ఆపా అన్నాను.

"చూస్తరు," అంది. "పడేటోళ్లందరు గట్లనే చూస్తరు. పట్టుకుంటె ఇద్దరు పడేటోళ్లు. ఆయనను లేపెతందుకు ఇంట్ల పది మంది ఉన్నరు. నిన్ను లేపెతందుకు ఎవలున్నరు?"

నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. ఆమె మాట నిజమని తెలుస్తూనే ఉంది, అయినా ఆమె మీద కోపం పోలేదు.

కొన్నాళ్లు పని లేదు. అనసూయ ఇంకేదో కూలికి పోయింది. ఆపా తన పింఛనులోంచి నాకు బియ్యం కొనిచ్చింది, వద్దంటే తిట్టింది. మళ్లీ అల్లం తీసే రోజులు వచ్చాయి. ఒక పొద్దున పటేల్ కొడుకు స్కూటర్ మీద గల్లీలోకి వచ్చాడు. అమ్మ లేవట్లేదన్నాడు. మేము వచ్చేశాక శాంతమ్మ ఎవరినీ రానివ్వకుండా మళ్లీ తనే ఒక్కతే లేపిందట. రెండు రోజుల కిందట లేపుతుంటే నడుములో ఏదో తెగినట్టయి, ఆయన పక్కనే కూలిపోయిందట. ఇప్పుడు గదిలో రెండు మంచాలు.

నేనైతే మనసులో, కావలసిందే అనుకున్నాను. అబద్ధమెందుకు. ఆపా మాత్రం గోడ పట్టుకుని కూర్చుంది.

"కాళ్లు కదుపుతుందా? మూత్రం మంచిగ వస్తున్నదా?" అని అడిగింది. కదుపుతోందని, వస్తోందని అతను చెప్పాక, అయితే వెన్నులో నరాలు బాగానే ఉన్నాయంది.

వెళ్లాం. అయితే ఈసారి కడప దగ్గరే ఆగిపోయింది ఆపా. పటేల్ మంచం వసారాలోకి రావాలని, సాయిలు పొద్దునా సాయంత్రమూ వసారా ఎక్కి నాకు సాయం పట్టాలని, అలాగైతేనే లోపలికి వస్తానని చెప్పింది. కొడుకు గొంతు తగ్గించి, ఇంతవరకు మా ఇంట్లో అలాంటిది జరగలేదన్నాడు. మీ అమ్మకు కూడా ఇంతవరకు ఇలా జరగలేదంది ఆపా. అప్పుడు లోపలి గదిలోంచి పటేల్ గొంతు వచ్చింది. వంకరపోయిన నోటితో, ముద్దమాటతో, కష్టపడి ఒకే పేరు పిలుస్తున్నాడు. సాయిలూ, సాయిలూ అని. కొట్టం దగ్గర నిలబడిన సాయిలు ఆ పిలుపు విని, కాళ్లు కడుక్కుని, వసారా మెట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎక్కమని ఎవరూ అనలేదు, ఎక్కొద్దని కూడా అనలేదు. ఎక్కాడు.

చేతులు ఎక్కడ వేయాలో తెలియక అతను బిక్కచచ్చిపోతే, దుప్పటి అంచు చుట్టి అతని చేతికి ఇచ్చాను. నెల తిరిగేసరికి పటేల్ బాగున్న కాలు నేలకు ఆనించి, మా ఇద్దరి మధ్య కాసేపు నిలబడగలిగాడు. కాలు కింద పెట్టాడు కాబట్టే కాలికి బలం వచ్చింది. చూడవచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ అనుకున్నాం. శాంతమ్మ మాత్రం పూర్తిగా కోలుకోలేదు. కర్ర పట్టుకుని నడిచేది. ఒకరోజు వేడినీళ్ల సంచి నడుముకు పెడుతున్న ఆపాతో, గోడ వైపు తిరిగి పడుకునే అంది.

"నేను లేపినన్ని రోజులు ఊరంత మెచ్చుకున్రు నర్సమ్మా. పడ్డంక ఒక్కలు ఎట్లున్నవని అడగలే."

ఆపా ఆ రోజు ఆఖరి బస్సు దాకా ఆమె దగ్గరే కూర్చుంది. మా అమ్మ గుర్తొచ్చి నేను వసారాలోకి వెళ్లి నిలబడ్డాను.

ఆ తర్వాత నాకు పనికి కొదవ లేదు. జహీరాబాద్ పెరిగింది, చిన్న లారీల కర్మాగారం వచ్చింది, కొత్త కొత్త ఇళ్లవాళ్లు కబురు పెట్టేవాళ్లు. ఆపా మాత్రం ముసలిదైపోయింది. ఎనభైల చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు అన్నం తీసుకువెళ్లాను. వాకిట్లో బట్టలుతికే బండ పక్కన పడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఒక కాలు బయటికి తిరిగిపోయి, పొట్టిగా కనిపిస్తోంది. తుంటి ఎముక పోయిందని చూడగానే తెలిసింది. గల్లీలోకి పరుగెత్తి కేకలు వేశాను. మగవాళ్లంతా నమాజుకు పోయారు. పక్కింటి తలుపు కొడితే వాళ్ల ముసలమ్మ ఒక్కతే ఉంది. అంతలో చినుకులు మొదలయ్యాయి.

ఆమె చలికి వణుకుతోంది. గుమ్మం అక్కడే, చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. ఆపా పిడికెడు మనిషి. నేను పటేల్‌లాంటివాళ్లను తిప్పినదాన్ని. ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. ఆమె వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి పోనిచ్చాను.

"వద్దు," అంది. "చెయ్యి తియ్యి."

వానలో నిన్ను వదిలెయ్యమంటావా, నువ్వెంత బరువున్నావు, ఎవరూ చూడట్లేదు కదా ఆపా అని ఏవేవో అన్నాను. ఏడుస్తున్నాను. ఆమె పెదవి కొరుక్కుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"ఆ రోజు వార్డుల నేను ఒంగుతుంటె అందరు చూస్తున్నరు. ఒక్కలన్న ఆగు రజియా అంటె ఆగుతుంటి. ఎవలు అనలే." నా మణికట్టు పట్టుకుంది. "నీకు నేనున్న కద. నేను అంటున్న. ఆగు."

చేతులు వెనక్కి తీసుకున్నాను. లోపలినుంచి దుప్పట్లు తెచ్చి కప్పాను, దిండు చుట్టి తిరిగిన కాలు పక్కన ఆనించాను. గొడుగు ఒకటే ఉంటే అది ఆమె తల మీద పట్టుకుని, తడుస్తూ పక్కనే నేల మీద కూర్చున్నాను. కూర్చోవడం తప్ప చేయడానికి ఇంకేం లేదు. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె నా చేతిని నలిపేసేది. ఆ మధ్యలోనే, తడినేల మీద అలా వంకరగా కూర్చోకు, నడుము పట్టేస్తుంది, గోడకు ఆనుకొమ్మని నన్ను సతాయించింది. ఆనుకున్నాను. నమాజు ముగిసి గల్లీలో అడుగుల చప్పుడు వినబడేదాకా అలాగే ఉన్నాం. మగవాళ్లు వచ్చాక ఎవరు ఎక్కడ పట్టుకోవాలో పడుకునే చెప్పింది. తలుపు చెక్క ఒకటి ఊడదీసి, దుప్పటితో దాని మీదికి జరిపి, దవాఖానకు తీసుకువెళ్లారు.

కూతురు వచ్చి బీదర్ తీసుకువెళ్లింది. ఆమె మళ్లీ నడవలేదు. చూడడానికి వెళ్లినప్పుడు గదిలోకి అడుగుపెట్టగానే పలకరించకుండా, నన్ను అటు కిటికీ దాకా నడిచి రమ్మంది. నడిచాను. చూసి, మంచిగ ఉన్నావంది. ఆ చలికాలంలోనే పోయింది. తనను లేపడానికి ఎప్పుడూ ఇద్దరు ఉండాల్సిందేనని తల్లి పట్టుబట్టేదని, ఒక్కదాన్ని దగ్గరికి కూడా రానివ్వలేదని కూతురు చెప్పి ఏడ్చింది.

నాకిప్పుడు డెబ్బై దగ్గరపడుతోంది. మొన్నమొన్నటి దాకా ఆ పని చేశాను, ఎంతమందికో నేర్పాను. నా ఆరాటం పోలేదు. బస్సులో ఎవరైనా సంచి ఎత్తబోతే నా చేతులు చెమట పడతాయి, ఆగమ్మా అని అరుస్తాను, నవ్వుతారు. నవ్వనీ. పొద్దున మంచం దిగి నిలబడినప్పుడు ఎక్కడా ఏ నొప్పీ లేకపోతే ఆ క్షణం హాయిగా ఉంటుంది, వెంటనే దుఃఖం వస్తుంది. వానలో తడుస్తూ, విరిగిన ఎముకతో, గుమ్మం అంత దగ్గర్లో ఉండి కూడా వద్దని చెప్పి ఆమె నాకు మిగిల్చిపోయిన నడుము ఇది.